లావా వయసు, ద్రాక్ష రుచి: ఎట్నా ఉత్తర సానువుల్లో ఒక చిన్న వైనరీ

సిసిలీ ద్వీపపు తూర్పు తీరాన, కతానియా నగరానికి ఎగువన నిలిచిన ఎట్నా 3,300 మీటర్లకు పైబడిన ఎత్తుతో యూరప్‌లోని సజీవ అగ్నిపర్వతాలన్నిటిలోకీ ఎత్తయినది. దాని ఉత్తర పార్శ్వాన లింగ్వగ్లోస్సా పట్టణం నుంచి రందాత్సో వైపు సాగే 120వ నంబరు రహదారి మీద పడమరకు ప్రయాణించేవారికి ఎడమచేతి వైపు కొండ, కుడిచేతి వైపు అల్కాంతరా నది లోయ, ఆ లోయకు ఆవల నెబ్రోది పర్వతాలు కనిపిస్తూ ఉంటాయి. రొవిత్తెల్లో, సొలిక్కియాతా, పస్సోపిషారో అనే మూడు ఊళ్లు ఈ దారి మీద ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఊళ్లు చిన్నవే అయినా, ఇటలీ ఎర్ర వైన్ల గురించి గడచిన పాతికేళ్లలో జరిగిన చర్చలో ఈ కొద్దిపాటి మేరకు దక్కిన చోటు చాలా పెద్దది. ఇక్కడ ఒకే ద్రాక్ష రకాన్ని ఒకే పద్ధతిలో పులియబెట్టి, కేవలం పొలం మారినందువల్ల వైన్ ఎలా మారుతుందో చూపడమే పనిగా పెట్టుకున్న వైనరీలు కొన్ని ఉన్నాయి. పస్సోపిషారో ఊరిపేరునే తన పేరుగా పెట్టుకున్న వైనరీ వాటిలో మొదటి వరుసలోనిది.

దారి పొడుగునా నేల ఒక్క తీరున ఉండదు. మెట్లు మెట్లుగా చెక్కిన ద్రాక్షతోటలు, వాటిని నిలబెట్టే నల్లరాతి కట్టలు, నడుమ ఆలివ్, హేజెల్‌నట్ చెట్లు కొంతదూరం వచ్చి, ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయి, మట్టి జాడే లేని నల్లటి రాతిగుట్టల బయలు మొదలవుతుంది. ఎప్పుడో పారి గడ్డకట్టిన ఇటువంటి లావా బయళ్లను స్థానికులు షారా అంటారు. 1614లో మొదలై 1624 దాకా పదేళ్లపాటు ఆగకుండా సాగిన విస్ఫోటం ఉత్తర పార్శ్వాన విశాలమైన మేరను లావాతో కప్పివేసింది. 1947లో దిగివచ్చిన లావా పస్సోపిషారోను భయపెట్టి ఊరికి ఎగువనే ఆగింది. 1981 మార్చిలో రందాత్సో దగ్గర ఉప్పొంగిన ప్రవాహమైతే కొద్ది రోజుల్లోనే తోటలను ముంచి, రోడ్డునూ రైలుపట్టాలనూ దాటి, అల్కాంతరా నది దాపుల దాకా వెళ్లింది. ఈ ప్రవాహాల నాలుకల మధ్య మిగిలిపోయిన పాత నేలలే నేటి ద్రాక్షతోటలు.

రాయి మట్టి కావడం ఇక్కడ కంటికి కనిపించే ప్రక్రియ. గడ్డకట్టిన లావా మీద మొదట బూడిదరంగు లైకెన్లు, అంటే నాచూ శిలీంధ్రమూ కలిసి ఒకే జీవంగా బతికే పొరలు, పాకుతాయి. వాటి వెనుక పసుపుపచ్చని పూలు పూసే ఎట్నా జెనిస్టా పొదలు పగుళ్లలోకి వేళ్లు దించి రాతిని చీలుస్తాయి. ఆ చీలికల్లో ఆకులు రాలి, పైనుంచి కొండ అప్పుడప్పుడూ చల్లే బూడిదా ఇసుకా చేరి, శతాబ్దాల తరువాత గాని ఒక చెట్టుకు సరిపడా మట్టి తయారు కాదు. ఆ లెక్కన పక్కపక్కనే ఉన్న రెండు పొలాల్లో ఒకదాని అడుగున వెయ్యేళ్లనాటి లావా, మరొకదాని అడుగున అంతకు ఎన్నో రెట్లు పాతదైన లావా ఉండవచ్చు. ఒకదానిలో మోకాటి లోతుకే బండ తగిలితే, రెండవదానిలో రెండు నిలువుల లోతు ఇసుక ఉండవచ్చు. మిగిలిన వైన్ ప్రాంతాల్లో భూగర్భ శాస్త్రజ్ఞుడు చెబితే గాని తెలియని తేడాలు ఎట్నా మీద గట్టు దాటితే తెలుస్తాయి.

ఈ తేడాలకు రైతులు ఏనాడో పేర్లు పెట్టుకున్నారు. కొంత్రాద అనేది ఊరికన్నా చిన్నదీ, ఒక రైతు కమతం కన్నా పెద్దదీ అయిన భూభాగం. పాత రిజిస్టర్లలోనూ జనం నోళ్లలోనూ తరాలుగా నిలిచిన హద్దులు దానివి. తెలుగు పల్లెల్లో సర్వే నంబరు ఎంతైనా చెరువుకింది పొలం, చింతమాను చేను, దిబ్బమీది మడి అన్న పేర్లే రైతుకు నేల గుణాన్ని గుర్తుచేసినట్టు, షారానువోవా అంటే కొత్త లావా దగ్గరి నేల అనీ, గ్వార్దియోలా అంటే కాపలా కాచే ఎత్తైన చోటు అనీ ఆ పేర్లే చెబుతాయి. పంట పండించేవారు వాడుకునే ఈ పేర్లకు చట్టంలో స్థానం దక్కడానికి చాలాకాలం పట్టింది. ఎట్నా వైన్లకు డి.ఓ.సి., అంటే ఫలానా ప్రాంతంలో ఫలానా నియమాలతో తయారైనదన్న ప్రభుత్వ గుర్తింపు, 1968లోనే వచ్చినా, కొంత్రాద పేరును సీసా మీద రాసుకునే వీలు 2011లో గాని కలగలేదు. అప్పుడు 133 కొంత్రాదలను జాబితాలో చేర్చారు.

అంతకు ముందు జరిగిన కథను ఇక్కడి రైలుమార్గమే సగం చెబుతుంది. చిర్కుమెత్నేయా అనే ఆ చిన్నగేజి రైలు 1895, 1898 సంవత్సరాల మధ్య పని మొదలుపెట్టి, కొండచుట్టూ తిరిగి సముద్రతీరాన రిపోస్తో రేవుకు దిగుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాల్లో ఫ్రాన్స్ తోటలను ఫిల్లోక్సెరా తుడిచిపెట్టింది. ద్రాక్ష వేళ్ల నుంచి రసం పీల్చి చెట్టును చంపే అతి చిన్న పురుగు అది. ఆ కొరతలో ఎట్నా వైన్‌కు గిరాకీ పెరిగి, పీపాలకు పీపాలు రిపోస్తో నుంచి ఓడలెక్కాయి. వాటిని అక్కడి వైన్లలో కలిపి బలం ఇచ్చేందుకే వాడేవారు గనుక ఏ పొలం రసమో ఎవరూ అడగలేదు. తరువాత పురుగు సిసిలీకీ వచ్చింది, బేరం పడిపోయింది, వలసలు పెరిగాయి. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగానికి ఎత్తైన మెట్లన్నీ ముసలి రైతుల చేతుల్లో మిగిలాయి. 1988లో జ్యుసెప్పె బెనాంతి అనే కతానియా పారిశ్రామికవేత్త వైన్ నిపుణుడు సాల్వో ఫోతితో కలిసి పాత తోటల ద్రాక్షను విడిగా తీసి వైన్ చేయడం మొదలుపెట్టినప్పుడు గాని ఆ నేలల విలువను బయటి ప్రపంచం మళ్లీ పట్టించుకోలేదు.

ఆంద్రేయా ఫ్రాంకెత్తి ఎట్నాకు వచ్చింది 2000లో. అప్పటికే ఆయన టస్కనీలోని ఓర్చా లోయలో త్రినోరో అనే తోటను నాటి, ఫ్రెంచి ద్రాక్షలతో పేరు తెచ్చుకున్నవాడు. పస్సోపిషారోకు ఎగువన, గ్వార్దియోలా కొంత్రాదలో దాదాపు 1,000 మీటర్ల ఎత్తున శిథిలమైన పాత వ్యవసాయ భవనాన్ని కొని బాగుచేసి, మొదట తనకు తెలిసిన విద్యనే అక్కడా ప్రయోగించాడు. బోర్దో ప్రాంతపు పెతి వెర్దో, రోమ్ పరిసరాల చెజనేసె ద్రాక్షలను ఒత్తుగా నాటాడు. స్థానిక ద్రాక్ష మీద ఆయనకు గురి కుదరడానికి సమయం పట్టింది. 2001 పంటతో మొదలైన స్థానిక ద్రాక్ష వైన్‌ను ఆ తరువాతి ఏళ్లలో మెల్లగా తేలికపరుస్తూ, చివరకు 2008 పంట నుంచి వేర్వేరు కొంత్రాదల రసాన్ని వేర్వేరు సీసాల్లో నింపే పద్ధతికి చేరుకున్నాడు. అదే ఏడు కొంత్రాదె దెల్ ఎట్నా పేరుతో ఆ కొండమీది వైన్ తయారీదారులందరూ తమ కొత్త వైన్లను ఒకచోట రుచి చూపే వార్షిక సమావేశాన్ని ప్రారంభించాడు. బయటినుంచి వచ్చిన మనిషి తన అభిరుచిని పక్కనపెట్టి నేల మాట వినడానికి ఎనిమిదేళ్లు తీసుకోవడం ఆలస్యం కాదు. ఆ ఓపిక లేనివారు ఆ కాలంలోనే ఎట్నా మీద ఓక్ వాసన తప్ప మరేదీ తెలియని వైన్లు చేశారు.

ఆ స్థానిక ద్రాక్ష పేరు నెరెల్లో మస్కలేసె. కొండకూ సముద్రానికీ నడుమనున్న మస్కాలి మైదానం పేరు దానికి అంటుకుంది. జన్యుపరీక్షల్లో ఇది టస్కనీలో విరివిగా పండే సాంజొవేసెకూ, దక్షిణాదిలోని మాంతొనికో బియాంకో అనే తెల్ల ద్రాక్షకూ పుట్టిన సంకరమని తేలింది. ఆలస్యంగా పండటం దీని ముఖ్య లక్షణం. సిసిలీ పల్లపు తోటల్లో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే కోత ముగిసిపోతే, ఇక్కడ అక్టోబరులో మొదలై కొన్ని ఏళ్లలో నవంబరు దాకా సాగుతుంది. రంగు పలచన, పులుపు ఎక్కువ, వగరు గట్టిది. వైన్ పరిభాషలో టానిన్ అనే ఆ వగరు తొక్క నుంచీ గింజల నుంచీ వచ్చి నాలుకను పట్టుకుంటుంది. ముదురు రంగునే నాణ్యతగా భావించే రోజుల్లో ఈ ద్రాక్షను చులకన చేసిన కారణమూ, చోటు తేడాలను ఇంత స్పష్టంగా చూపగల ద్రాక్షగా నేడు దీన్ని మెచ్చుకునే కారణమూ ఒకటే: తనదైన బరువైన రుచితో నేలను కప్పివేయదు.

ఒక పాత చెట్టును దగ్గరగా చూస్తే ఈ సేద్యం ఎంత మనిషిచేతి పనో అర్థమవుతుంది. తీగె పందిరి మీదకు గాని తంతులకు గాని పాకదు. నడుము ఎత్తుకు మించని మొద్దు ఒకటి మెలితిరిగి, బెరడు పీచులు పీచులుగా లేచి, పైన రెండుమూడు కొమ్ములుగా చీలి నిలబడుతుంది. ఏటా వచ్చే చిగుళ్లను దాని పక్కన పాతిన చెస్ట్‌నట్ కర్రకు కట్టేస్తారు. ఆ కర్ర సైతం ఎట్నా మీది అడవులదే. చిన్నచెట్టు అని అర్థం వచ్చే అల్బెరెల్లో అనే ఈ పెంపకంలో చెట్లు ఎంత దగ్గరగా ఉంటాయంటే, వాటి నడుమ ట్రాక్టరు తిరగదు. తవ్వడం, కత్తిరించడం, మందు చల్లడం, కోయడం అన్నీ చేతితోనో, ఇప్పటికీ కొన్నిచోట్ల కంచరగాడిద సాయంతోనో జరగవలసిందే. పాదాల కింద నేల మట్టిలా ముద్దకట్టదు, గసగసాల నుంచి పెసరగింజ దాకా పరిమాణమున్న నల్లటి గరుకు రేణువులై జారిపోతుంది. ఆ ఇసుకలో ఫిల్లోక్సెరా బతకలేదు కాబట్టి ఇక్కడ కొన్ని తోటలు వందేళ్లు దాటినా, అమెరికా జాతి వేరుమొదలు మీద అంటు కట్టకుండానే, తమ సొంత వేళ్ల మీద నిలిచి ఉన్నాయి. యూరప్‌లో ఇది అరుదైన విషయం. పస్సోపిషారో వైనరీ కౌలుకూ కొనుగోలుకూ తీసుకున్న మళ్లలో చెట్ల వయసు డెబ్బై నుంచి వందేళ్ల దాకా ఉంటుంది.

తోటల అంచులలో పిరమిడ్ల వలె మెట్లు మెట్లుగా పేర్చిన రాతిగుట్టలు కనిపిస్తాయి. పొలంలో తవ్వి తీసిన లావారాళ్లను పారేయడానికి చోటులేక, సున్నం గాని సిమెంటు గాని లేకుండా పేర్చిన ఆ గుట్టలే ఇక్కడి రైతుల కష్టానికి లెక్కాపత్రం. యూరప్ దేశాలు కొన్ని కలిసి కోరగా, ఇటలీతో సహా ఆయా దేశాల పొడిరాతి కట్టుబడి విద్యను 2018లో యునెస్కో మానవజాతి అగోచర వారసత్వంగా గుర్తించింది. ఆ కట్టలు కట్టినవారి పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

పాత వ్యవసాయ భవనాల్లో పల్మెంతో అనే రాతి గది ఒకటి ఉంటుంది. ఎత్తైన అరుగుమీద ద్రాక్షను కాళ్లతో తొక్కితే రసం రాతి తూముగుండా కింది తొట్టిలోకి దిగి పులిసేది. మిగిలిన పిప్పిని పెద్ద దూలానికి రాయి వేలాడదీసిన గానుగతో పిండేవారు. పారిశుద్ధ్య నిబంధనల వల్ల అమ్మకానికి చేసే వైన్‌కు వీటిని వాడటం ఆగిపోయింది. కొన్నింటిని గోదాములుగా, కొన్నింటిని సందర్శకుల గదులుగా మార్చుకున్నారు. ఆ తొట్లలో కొంత్రాదల తేడా నిలిచే వీలు లేదు. ఊళ్లోని మళ్లన్నిటి ద్రాక్షా ఒకే తొట్టిలో పడేది గనుక, పాతకాలమంతా పొలాల పేర్లు నిలిచినా పొలాల వైన్లు నిలవలేదు.

ఇప్పుడు పస్సోపిషారో వైనరీ సెల్లార్‌లో చేసే పని తక్కువ. చేయకుండా ఉండటానికి తీసుకునే జాగ్రత్తే ఎక్కువ. ఒక్కో కొంత్రాద ద్రాక్ష పండిన రోజున దాన్ని విడిగా కోసి, విడి ఉక్కుతొట్టిలో పులియబెట్టి, తరువాత బొత్తె అనే పెద్ద ఓక్ పీపాల్లో దాదాపు ఏడాదిన్నర ఉంచుతారు. కొత్త చిన్న పీపా వైన్‌కు వనిల్లా, కాల్చిన చెక్క వాసనలు ఇస్తుంది. ఏళ్లతరబడి వాడిన పెద్ద పీపాలో ఆ ప్రభావం ఉండదు, చెక్క రంధ్రాలగుండా సోకే కొద్దిపాటి గాలి వగరును మెత్తబరచడం ఒక్కటే మిగులుతుంది. ఈ వైనరీ విడిగా సీసాల్లో నింపే అయిదు పొలాలకూ ఇదే పద్ధతి. పోల్చి చూడదలచినప్పుడు మిగిలిన అంశాలన్నీ సమానంగా ఉంచాలన్న ప్రయోగశాల నియమాన్ని ఒక వైనరీ ఇంత నిష్ఠగా పాటించడం చాలా అరుదు.

కియప్పెమాచినె, పోర్కరీయా, షారానువోవా, గ్వార్దియోలా, రంపాంతె అన్నవి ఆ అయిదు మేరలు. సీసాల మీద వాటి పేర్లకు బదులు ఒక్కో అక్షరమే ఉంటుంది. ఈ వైన్లను డి.ఓ.సి. కింద కాక, సిసిలీ మొత్తానికీ వర్తించే విశాలమైన తరగతి కింద అమ్ముతారు. అన్నిటికన్నా కింద, సుమారు 550 మీటర్ల ఎత్తున ఉన్న కియప్పెమాచినెలో లావా పొర పలచబడి దాని అడుగున సున్నపురాయి తగులుతుంది. అక్కడి వైన్ నిండుగా, గుండ్రంగా, పండిన చెర్రీల తీపివాసనతో, మొదటి గుక్కలోనే చనువుగా ఉంటుంది. అన్నిటికన్నా పైన, సుమారు 1,000 మీటర్ల దగ్గర ఉన్న రంపాంతెలో నేల పాతది, సన్నని ఇసుక. పగటి ఎండ ఎంత ఉన్నా రాత్రి చలి కొరుకుతుంది. గాజుగ్లాసులో దాని రంగు అవతలి వేలు కనిపించేంత పలచగా ఉండి, వాసనలో ఎండిన పూలూ దినుసుల ఘాటూ, నోటిలో మొదట పులుపూ, ఆలస్యంగా వచ్చి చాలాసేపు నిలిచే సన్నని వగరూ ఉంటాయి. ఈ రెంటినీ పక్కపక్కన రుచి చూసేవారికి, ద్రాక్ష ఒకటే, ఏడు ఒకటే, వైనరీ ఒకటే, రెండు తోటల మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే అన్న మాట నమ్మడం కష్టమవుతుంది. నడిమి ఎత్తున ఉన్న షారానువోవాలో పాత లావా మీద కొత్త లావా ఇసుక చేరి, వైన్ ఈ రెండు కొసలకూ మధ్య కుదురుగా నిలుస్తుంది. ఎక్కువమందిని ఆకట్టుకునేది 650 మీటర్ల పోర్కరీయా. అది ఫెయుదో ది మెజ్జో అనే పెద్ద కొంత్రాదలో ఒక భాగం, వైన్ దిట్టంగానూ ఘాటుగానూ ఉంటుంది. కాని ఈ వరుసలో అత్యంత విలువైనది గ్వార్దియోలా అనిపిస్తుంది. రాళ్లు నిండిన ఆ నిలువు మెట్లలో పండిన వైన్ తొలి ఏళ్లలో బిగుసుకుని ఉండి, వయసు వచ్చినకొద్దీ విప్పారుతుంది. తొందరపడి తెరిచినవారికి అది తన గుణం చూపదు.

ఇంతకూ నేల వైన్‌లోకి ఎలా వస్తుంది? లావా రుచే వైన్‌లో తెలుస్తుందని అమ్మకందారులు చెప్పే మాటను భూగర్భ శాస్త్రం ఒప్పుకోదు. వేల్స్‌కు చెందిన భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ద్రాక్షతోటల రాళ్ల గురించి 2018లో వెలువరించిన గ్రంథంలో వివరించినట్టు, రాయి అనే ఖనిజమూ, మొక్క పీల్చుకునే పోషక ఖనిజమూ వేర్వేరు సంగతులు. రెండవది వైన్‌లో ఉండేది అతి స్వల్పం, దానికి నాలుకకు తెలిసే రుచి దాదాపు లేదు. అయినా నేల ప్రభావం కట్టుకథ కాదు. వాననీరు ఎంతసేపు నిలుస్తుంది, వేరు ఎంత లోతుకు పోగలదు, నల్లరాయి పగటివేడిని ఎంత పట్టి రాత్రికి ఎంత వదులుతుంది, ఎత్తు పెరిగినకొద్దీ పండటం ఎన్ని వారాలు ఆలస్యమవుతుంది అన్నవి తొక్క మందాన్నీ, గింజ పక్వాన్నీ, పులుపునూ నిర్ణయిస్తాయి. తెలుగు నేలలోనే దీనికొక నిదర్శనం ఉంది. ఆదిలాబాద్, వికారాబాద్ ప్రాంతాల నల్లరేగడి సైతం లావా నుంచి పుట్టినదే. దక్కను పీఠభూమి మీద సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాడు పారిన బసాల్టు లావా అరిగి అరిగి బంకమట్టిగా మారి, వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి, పత్తి పంటకు నెలల తరబడి తేమను దాచిపెడుతుంది. ఎట్నా లావా అదే కుటుంబానికి చెందినదైనా వయసులో పసిది గనుక ఇంకా ఇసుకగానే ఉండి, నీటిని నిలవనివ్వదు. రాయి జాతి కన్నా రాయి వయసు ముఖ్యమన్న సంగతిని ఈ రెండు నేలలూ చెరో కొసనుంచి చెబుతున్నాయి.

వయసు ఒక్కటే కూడా చాలదు. మెట్లు కట్టకపోతే ఆ ఇసుక ఒక్క వానకే లోయలోకి జారిపోయేది. రాళ్లు ఏరి గుట్టలు పెట్టకపోతే వేరు దిగేది కాదు. బేరం లేని దశాబ్దాల్లో ముసలి రైతులు ఏటా శీతాకాలంలో కత్తిరింపు మానేసి ఉంటే నేడు విడిగా సీసాలో నింపడానికి పాత చెట్టే మిగిలేది కాదు. కొంత్రాద పేరుతో వచ్చే గుణాన్ని కొండ ఇచ్చిన వరంగా మాత్రమే చెప్పి, ఆ రైతులను కథలోంచి తప్పించడం అన్యాయం.

ఫ్రాంకెత్తి 2021 డిసెంబరులో మరణించాడు. వైనరీ ఆయన కుటుంబం చేతిలో కొనసాగుతోంది. ఈలోగా కొండమీద పరిస్థితులు మారాయి. పాత మళ్ల ధరలు పెరిగాయి, బయటి సంస్థలు వచ్చాయి, వేసవులు వేడెక్కినకొద్దీ తోటలు ఎగువకు జరగాలన్న ఆలోచన బలపడింది.  ఇప్పుడు ఎత్తైన చోట్లలోని పాత మెట్లనే వెతికి బాగుచేస్తున్నారు. అక్కడికి వెళ్లే బండిదారులు ఇరుకు, యంత్రం ఎక్కదు, అల్బెరెల్లో కత్తిరింపు తెలిసిన మనుషులు తగ్గుతున్నారు. అందువల్ల వైనరీలు నేల కొనడం కన్నా ముందు కత్తిరింపు పనివాళ్లను వెతుక్కోవలసి వస్తోంది, తెలిసిన పెద్దవారి వెంట పడుచువారిని శీతాకాలమంతా తోటల్లో తిప్పుతూ ఏ కొమ్మను ఎన్ని కళ్ల దగ్గర కోయాలో నేర్పించవలసి వస్తోంది.